కామమ్మ వండిన తొలి సొర

మా జువ్వలదిన్నెలో కట్టుబాట్లు తెలియాలంటే పెద్దల దగ్గరికి పోనక్కరలేదు, కామమ్మను అడిగితే చాలు. చేపలగంప నెత్తిన పెట్టుకొని బిట్రగుంటకు పోతా గూడా దారెంబడి అందరి తప్పులూ దిద్దేది. ఏటా వలలో పడే తొలి పాలసొర పడవల ఆసామి రమణయ్య ఇంటికే పోవాల. పోకపోతే గంగమ్మ పడవల్ని మింగుతాది. రమణయ్య తాతల నాటి నుంచి అదే మాట. సొంత తమ్ముడు ఒక ఏడు తొలి సొర తల దాచుకుంటే, కామమ్మే పోయి రమణయ్యకు చెప్పేసింది.

"సముద్రం నిండా సొరలు పెట్టుకొని, ఒక్కటి రమణయ్య పొయ్యి మీదికి పోలేదని గంగమ్మకు కోపమెందుకక్కా?" అని అడిగినా.

"నీకు నాలుగో తరగతి చదువు ఎక్కువైంది" అనింది.

అరవై రెండులో ఆమె కూతురు మాలకొండమ్మ పురుడు పోసుకునింది. నాలుగు రోజులైనా పాలు పడలా. బిడ్డ గుక్కపట్టి ఏడస్తా ఉంది. బాలింతకు సొరపుట్టు, అదే సొరచేప పొడికూర, పెడితే పాలు పడతాయంటారు మా పక్క. ఆ పొద్దే కామమ్మ మొగుడు ముత్యాలయ్య వలలో తొలి సొర పడింది.

కామమ్మ దాన్ని గంపలో పెట్టుకొని రమణయ్య ఇంటికి బయల్దేరింది. నేనూ వెనకాలే పోయినా, చూడకుండా ఎట్ట ఉంటా. వీధి మలుపు దాకా బిడ్డ ఏడుపు వినపడతానే ఉంది. కామమ్మ ముందుకు రెండడుగులు వేసింది, వెనక్కి రెండడుగులు వేసింది, గిరుక్కున తిరిగి ఇంటికొచ్చి పడింది. సొరను ఉడకేసి, చర్మం తీసి, పొడిపొడిగా చిదిమింది.

"అక్కా, పడవలు మునిగితే?"

"నువ్వు నోరు మూసుకొని ఉల్లిగడ్డలు తరుగు."

పుట్టు వేగే వాసనకు ఊరంతా తెలిసిపోయింది. మర్నాడు జనమంతా ఒడ్డున నిలబడి పడవలు లెక్కబెట్టినారు. ఒక్కటీ తగ్గలా. పైగా వలలు లాగలేక మొగోళ్ళు ఇసకలో కూలబడినారు, అన్ని చేపలు.

రమణయ్య నింపాదిగా వచ్చినాడు. "రాత్రి గంగమ్మ కల్లో కనపడింది. నేను బతిమాలుకుంటే ఈసారికి క్షమించింది" అన్నాడు.

సగం మంది దండం పెట్టేసినారు. కామమ్మ చేతులు గూడా వాటంతటవే లేచినాయి. అంతలో ముత్యాలయ్య పరిగెత్తుకుంటా వచ్చి, "ఏమే, బిడ్డ పాలు తాగి నిద్రపోయింది" అన్నాడు.

లేచిన చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నా కామమ్మకు నవ్వు ఆగలా.

"మంచిదయ్యా" అనింది రమణయ్యతో. "ఈ రాత్రి గూడా పెందలాడే పడుకోండి. బాలింతకు ఇంకో సొర కావాల."

అందరికన్నా ముందు రమణయ్య పెళ్ళామే పక్కున నవ్వేసింది.