పేరంటాలి అరిసెలు

పీలమేడులో మా వీధి మలుపు దగ్గర ఒక మిఠాయి అంగడి ఉంది. నేను కాలేజీకి బస్సు కోసం నిలబడే వేళకే అక్కడ బెల్లం పాకం పెడతారు. ఆ వాసన బస్సుల పొగను, పక్క టీ కొట్టులో మరిగే పాల వాసనను తోసుకుని నా దాకా వస్తుంది. ఫోన్లలో మునిగిన పిల్లలు కూడా తల ఎత్తి "అధిరసం" అంటారు. తమిళంలో దాని పేరు అదే, మా ఇళ్ళలో అరిసె అంటాం. వాళ్ళకు నోరూరుతుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. కామర్స్ పాఠం చెప్పుకునే యాభై ఏళ్ళ మనిషి బెల్లం వాసనకు కళ్ళు తుడుచుకుంటే చూసేవాళ్ళకు నవ్వులాటగా ఉంటుందని తెలుసు కాబట్టి, బస్సు దుమ్ము అని చెబుతాను.

మా అమ్మమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్ళం. ఆమె ఇల్లు సూలూరు పక్కన, వీధి పొడవునా మరమగ్గాలు టకటకమనే చోట ఉండేది. అప్పుడప్పుడు సైనిక విమానం ఒకటి నెత్తిమీదుగా పోతే ఆ టకటక కూడా వినిపించకుండా పోయేది, దండెం మీది చీరలు ఊగేవి, మేడ మీద ఎండుతున్న వడియాలకు కాపలా ఉన్న పిల్లలు చెవులు మూసుకునేవాళ్ళు. ఆ పిల్లల్లో నేను ఉండేదాన్ని కాదు. తక్కినవాళ్ళు గచ్చకాయలో వామనగుంటలో ఆడుకుంటుంటే నేను వంటింట్లో అవ్వ కొంగు పట్టుకుని తిరిగేదాన్ని. చిత్తిరై ఎండల్లో గుమ్మడికాయ తురిమి పిండిన నీళ్ళు, ఆడి నెలలో చింతపండు అన్నానికి వేయించే నువ్వుల చిటపట, దీపావళికి ముందు మురుకుల పిండిలో నలిపే వాము, మార్గళి చలిలో పొద్దున్నే దించిన పొంగలి మీద కరిగే నెయ్యి, ఇవి నాకు పండుగల కంటే ముఖ్యం. అవ్వ దేవుడికి పెట్టేదాకా దేన్నీ రుచి చూసేది కాదు. ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరి వాసన చూసి చెప్పేది. గిన్నె అడుగంటితే గిన్నెనే తిట్టేది.

ఆ ఇంటికి ఒక పేరంటాలు ఉంది. మా వాళ్ళు ఎన్నో తరాల కిందట ఆంధ్రదేశం నుంచి దక్షిణానికి నడిచి వస్తున్నప్పుడు దారిలో చనిపోయిన కోడలట. ఏ ఊళ్ళో పోయిందో తెలియదు, పేరూ తెలియదు. తిండి తక్కువైనప్పుడు ఉన్నది కూతుళ్ళకు పెట్టి, కోడలికి లేదన్నారట. ఆకలితో పోయింది. అందుకని ఏటా శివరాత్రికి గోడ మీద పసుపు పూసి, బొట్టు పెట్టి, కొత్త చీర కట్టి ఆమెకు అరిసెలు పెడతారు. ఆ అరిసెల పాకం ఆ ఇంటి కోడళ్ళే పట్టాలి. పాకం పొయ్యి మీద ఉన్నంతసేపూ ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లలు, వాళ్ళ కూతుళ్ళు వంటింటి గడప దాటి బయట నిలబడాలి. ముత్తాతల కాలంలో తిన్న ముద్దకు మునిమనవరాళ్ళు నిలబడి శిక్ష అనుభవించడం ఏం న్యాయమో ఆ పేరంటాలే చెప్పాలి. నేను చిన్నప్పుడే అడిగాను. జవాబుగా నెత్తిన ఒక మొట్టికాయ దొరికింది.

అయినా నన్ను బయటికి పొమ్మనలేదు. మా ఇళ్ళలో మేనరికాలు ఎక్కువ. మామ కొడుకు నాకంటే కొంచెం పెద్దవాడు, నేను పుట్టిన రోజే నన్ను అతనికి అనుకున్నారు. కాబట్టి నేను ఆ ఇంటి కాబోయే కోడలిని. పైగా మామ భార్య, మా అత్త, నూలు మిల్లులో పనిచేసి దూది దుమ్ముకు ఆయాసం తెచ్చుకున్న మనిషి, పొయ్యి పొగ దగ్గర నిలబడితే ఊపిరాడేది కాదు. అవ్వ ఆశ అంతా నా మీదే. అలా శివరాత్రి ముందు ఏటా ఒక వింత జరిగేది. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మా అమ్మ పెరటి రాతి మీద బయట కూర్చునేది, ఆమె కడుపున పుట్టిన నేను లోపల పొయ్యి దగ్గర ఉండేదాన్ని.

"నేను ఈ ఇంట్లోనే పుడితినా, ఇంకెక్కడైనానా?" అని అమ్మ బయటినుంచి అరిచేది.

"ఇక్కడ పుట్టితివి, అందుకే బయట. ఇప్పుడు నువ్వు పీలమేటి కోడలివి. సుమ్మా ఊరికే కూర్చో" అనేది అవ్వ, తిరిగి చూడకుండానే.

"కూతురు పెద్ద కోడలు, తల్లి వాకిలి కావలి!" అని అత్త దగ్గుతూ నవ్వేది. అమ్మ కూడా నవ్వేది. ఆ నవ్వు ఎలాంటిదో నాకప్పుడు తెలియదు.

ఆ అరిసెల్లో రహస్యమైన దినుసు ఏదో ఉందని ఎవరూ అనుకోవద్దు. నానిన బియ్యాన్ని అవ్వ నీడన గుడ్డ మీద ఆరబోసి, తడి పూర్తిగా పోకముందే రోట్లో దంచేది. బెల్లం కరిగించి వడగట్టి మళ్ళీ పొయ్యి మీద పెట్టేది. యాలకులు, సొంఠి, నువ్వులు. ఇవన్నీ ఇప్పుడు ఏ ఫోన్‌లో చూసినా దొరుకుతాయి, చేసి చూపించే అమ్మాయి మెడలో నగలతో సహా. అవ్వ దగ్గర ఉన్నది వేరు. పాకం బుడగలు చిన్నవి అయ్యేటప్పుడు ఆమె మాట ఆపేది. చేయి చల్లనీళ్ళలో ముంచి, వేళ్ళతో పాకం అందుకుని, బొటనవేలితో నలిపి, ఇంకొంచెం ఉంచాలో దించాలో తేల్చేది. దించినాక పిండి పోస్తూ మధ్యలో ఒకసారి ఆగేది. ఎందుకు ఆగేదో, మళ్ళీ ఏం చూసి మొదలుపెట్టేదో నాకు తెలియదు. ఆ అరిసె పళ్ళకు కరకరమని, లోపల తడిగా, చివర్లో నాలుక మీద తెలిసీ తెలియని చేదుతో ఉండేది.

"నేనూ చేయి పెడతా అవ్వా" అని ఏటా గొడవ చేసేదాన్ని.

"పెద్దమనిషివి కానీ అమ్మిణీ. అప్పుడు నీ చేయి పట్టుకొని నేనే పెట్టిస్తా. చూస్తే వచ్చేది కాదు ఇది, చేతికి తెలియాల."

పెద్దమనిషిని అయ్యాను. మేనమామ చీర తేవాలి కాబట్టి మామ చీర, పూలు, టెంకాయలు పళ్ళెంలో పెట్టుకుని పీలమేడుకు వచ్చాడు. వెనక అవ్వ, అత్త. నన్ను పీట మీద కూర్చోబెట్టి, అవ్వ ఆ చీర నా భుజాన వేసి, "మా కోడలికి మా ఇంటి చీర" అంది.

అమ్మ చీర అంచు సర్దుతూ మెల్లిగా అంది: "చీర మేనమామ మర్యాద, తీసుకుంటా. కోడలనే మాట వద్దమ్మా. అమ్మిణి కాలేజీకి పోవాల."

మామ నవ్వాడు. "చదువుకు, పడిప్పుకు మేమేమన్నా అడ్డమా? కల్యాణం చేసుకొని పోనీ."

"నాకూ అట్లనే చెప్తివి అన్నా. నా పదో తరగతి పుస్తకాలు ఇంకా నీ అటక మీదనే ఉండాయి."

అవ్వకు కోపం వస్తే తెలుగు వదిలేసి తమిళంలోకి పోయేది. "సరి, విడు" అంది. సరే, వదిలెయ్ అని. అంతే. నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే కాలేజీకీ పోతాను, పాకమూ పడతాను, ఒకటి కావాలంటే ఇంకొకటి ఎందుకు వదలాలి అని అడిగేదాన్ని. ఈరోజు కూడా అదే అడుగుతాను.

ఆ ఏడు శివరాత్రికి ముందు వెళ్ళాను. జుట్టు ముడివేసి, చేతులు కడుక్కుని, పొయ్యి పక్కన నా చోట్లో నిలబడ్డాను. అవ్వ బెల్లం గిన్నె పొయ్యి మీద పెట్టి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే పోట్లాడి ఉండేదాన్ని.

"అమ్మిణీ, పాకం ఎక్కుతాండాది. మీ అమ్మ దగ్గరికి పో."

"నా చేయి పట్టుకొని పెట్టిస్తానని చెప్తివే?"

"మా ఇంటి కోడలికి చెప్తిని. నువ్వు ఇప్పుడు మా బిడ్డవి. బిడ్డలు బయట నిలవాల."

అంతవరకు నన్ను ఎన్నడూ బిడ్డ అనలేదు. పెరట్లో అమ్మ రాతి మీద జరిగి చోటు ఇచ్చింది. నేను కూర్చోలేదు. మరమగ్గాల చప్పుడులో లోపల గరిటె చప్పుడు వినిపిస్తుందేమోనని చెవి పెట్టి, గోడకు ఆనుకుని నిలబడ్డాను. అమ్మ నా చేయి పట్టుకోబోతే విదిలించేశాను. అమ్మ చేసింది సరైనదే. చదువుకున్నాను, నా జీతం నేను తింటున్నాను, బావ ముందు తల వంచుకుని బతకలేదు. ఇది ఎన్నిసార్లయినా వాదిస్తాను. కానీ ఆ గోడ దగ్గర నిలబడిన పిల్లకు ఈ వాదన చెప్పి ఒప్పించడం నాకు ఇంకా చేతకాలేదు.

అవ్వ ఇంకో కోడలి కోసం ఎదురుచూసింది. బావకు పెళ్ళయ్యే నాటికి ఆమె కుడిచేయి పడిపోయింది. పక్షవాతం. బావ భార్య సెల్వి తమిళ పిల్ల, మంచి మనిషి, పెద్దాసుపత్రిలో నర్సు. అవ్వకు పక్కగుడ్డలు మార్చింది, అన్నం కలిపి పెట్టింది, ఏ మనవరాలూ చేయనంత చేసింది. పాకం మాత్రం అవ్వ నోటితో చెప్పబోయింది, చెప్పలేకపోయింది, ఎడమచేయి గాలిలో ఆడించి ఊరుకుంది. అప్పుడు నేను ఆ మంచం పక్కనే ఉన్నాను. నా చేయి అడగలేదు.

ఇప్పుడు పేరంటాలికి అట్టపెట్టెలో వచ్చిన అధిరసాలు పెడతారు. ఎవరినీ బయటికి పొమ్మనరు, పొమ్మనడానికి పొయ్యి మీద ఏమీ ఉండదు. "ఆర్డర్ పోట్టా వీట్టుక్కే వరుం అక్కా, ఇదుక్కా ఇంత బాధ?" అంటుంది సెల్వి. ఆర్డరు పెడితే ఇంటికే వస్తుందట. నిజమే, వస్తుంది.

నేను ఏటా నా వంటింట్లో చేస్తాను. విరిగిపోయాయి, నూనె తాగాయి, రాళ్ళయ్యాయి. తిని తిని నా నాలుక మీద నా తప్పుల రుచే పేరుకుపోయింది, అసలుది ఎలా ఉండేదో నాకే ఇప్పుడు సందేహం. సరిచూడటానికి ఉన్నది అమ్మ నాలుక ఒక్కటే. అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఏటా మొదటి అరిసె ఆమె చేతిలో పెడతాను. ఒక ముక్క కొరికి, నమిలి, "ఇది కాదు" అంటుంది. ఏం తక్కువైందే అంటే, "నాకేం తెలుసు, నేను బయట కూర్చున్నదాన్ని" అంటుంది. మళ్ళీ పోట్లాట.

పోయిన ఏడాది నుంచి అమ్మకు మతిమరుపు మొదలైంది. పొద్దున తిన్న ఇడ్లీ మధ్యాహ్నానికి గుర్తుండదు. ఒకరోజు సాంబారులో చక్కెర కలుపుకుని తేడా తెలియకుండా తినేసింది. ఈ శివరాత్రికి పాకం ముదిరింది, నాకే తెలిసిపోయింది, అయినా అలవాటు చొప్పున ఒకటి చేతిలో పెట్టాను. కొరికింది. నెమ్మదిగా నమిలింది. పూర్తిగా తిని వేళ్ళు నాకింది.

"బాగుండాది అమ్మిణీ. అచ్చం అమ్మ చేసినట్లే ఉండాది. ఇంకొకటి పెట్టు."

ఎన్నేళ్ళుగానో ఆ మాట కోసమే పొయ్యి దగ్గర నిలబడ్డాను. ఇంకొకటి పెట్టాను. పక్కన కూర్చుని ఆమె తింటుంటే చూశాను. ఇది కాదు అని చెప్పగలిగిన చివరి మనిషి కూడా లేకుండా పోయింది, నా కళ్ళెదుటే కూర్చుని, నోటి నిండా అరిసెతో.