పసుపు చెప్పుల మంత్రి

ఇస్తాంబుల్ పేరా గుట్ట మీద స్తమాతిస్ ఎక్కని పదవి లేదు. పొద్దున మహామంత్రి, ఎండ వాలేవేళకు సుల్తాను ముందు వంగే రాయబారి. ఇంటికొస్తే మాత్రం ఫ్రోసో మొగుడు, చేపల వలలు బాగుచేసే గ్రీకువాడు.

ఫ్రాన్సు రాయబారి వెంట వచ్చిన చిత్రకారుడు దర్బారును ఒక్కసారే చూశాడు. అక్కడ కుంచె తీయనిస్తారా? అందుకని దుస్తులు అద్దెకు తెచ్చి, వాటిలో స్తమాతిస్‌ని నిలబెట్టి నీటిరంగులు వేసేవాడు. స్తమాతిస్ పొడగరి, నిండు గడ్డం. పూటంతా కదలకుండా నిలబడేవాడు. ఇంటి పనికి ఆ నిలకడ ఉండేది కాదనుకోండి. రానురాను నడక కూడా మంత్రి నడకే అయింది.

"మంత్రిగారూ, పొయ్యిలోకి కట్టెల్లేవు. ఎవర్నైనా పంపిస్తారా, తమరే వెళ్తారా?"

"ఒసే, నిన్ను సముద్రంలో వేయించమంటా."

"ముందు ఆ చిరిగిన వల కుట్టు. నా సంగతి తర్వాత."

ఆ ఏడు ఊళ్ళో నవ్వులు తక్కువే. కొత్త సుల్తాను మారువేషంలో తిరుగుతున్నాడని, ముందు జనం కాళ్ళే చూస్తాడని చెప్పుకునేవారు. పసుపు చెప్పులు తుర్కులకే. గ్రీకులు నల్లవే తొడగాలి. దిగువ వీధి రొట్టెలవాడు పెళ్ళికని పసుపువి తొడుక్కుని బయటికొచ్చాడు. సుల్తాను మనుషులు రేవువైపు పట్టుకుపోయారు, ఆ కొట్టు మళ్ళీ తెరవలేదు.

"గదిలో ఏ వేషమైనా కట్టు. గడప దాటేముందు కాళ్ళు చూసుకో," అని ఫ్రోసో రోజూ చెప్పేది.

"నేనేమన్నా పసివాణ్ణా?"

ఒక మధ్యాహ్నం ఆమె అన్నం తీసుకుని చిత్రకారుడి గదికి వెళ్తే, గోడవారన నల్లచెప్పులున్నాయి. అంగీ, తలపాగా కొయ్యకు వేలాడుతున్నాయి. చిత్రకారుడు రంగు వేస్తున్నాడు, స్తమాతిస్ లేడు.

ఆమె మెట్లు దిగి పరుగెత్తింది. వీధిలో అంబలి అమ్మేవాడి ముందు స్తమాతిస్, గిన్నె చాపి, మంత్రిలా నిలబడి ఉన్నాడు. పాత కోటు, కాళ్ళకు పసుపు చెప్పులు. పక్కన మాసిన అంగీ వేసుకున్న ఫకీరొకడు. ఏమీ కొనడంలేదు. కిందికి చూస్తున్నాడు.

"చెప్పులు బాగున్నాయి, ఆగా," అన్నాడు మెల్లగా.

దొర అని పిలిచినందుకు స్తమాతిస్ తల కాస్త వంచాడు. ఫకీరు వెళ్ళిపోయాడు. వీధి గోడవారన నిలబడ్డ అతని మనుషులిద్దరు మాత్రం వెళ్ళలేదు. చెప్పులు మార్పించడానికి ఫ్రోసో మొగుణ్ణి పైకి లాక్కుపోతే, వాళ్ళ వెనకే మెట్లెక్కి గదిలోకొచ్చారు. పటంలో మంత్రి మొహం స్తమాతిస్‌దే, చెప్పుల పసుపు ఇంకా ఆరలేదు.

"అవి నావి. బొమ్మ కోసం," అన్నాడు చిత్రకారుడు.

"అలాగా. తొడుక్కోండి మరి," అన్నాడు ఇద్దరిలో పెద్దవాడు, ఎంతో మర్యాదగా.

చిత్రకారుడి పాదం సగం కూడా పట్టలేదు. స్తమాతిస్ పాదం చక్కగా పట్టింది. చిత్రకారుడికి రాయబారి అండ ఉంది. స్తమాతిస్‌కి ఎవరున్నారు?

చెప్పులు విప్పించి, వట్టికాళ్ళతో నడిపించుకుపోయారు. ఫ్రోసో నల్లచెప్పులు పట్టుకుని వెనకాల పడింది.

"ఏమయ్యా, ఆ నడక మానెయ్యి. కాస్త భయపడినట్టు కనబడు."

అతను తల ఎత్తుకునే, నడుం మీద చెయ్యి పెట్టుకునే, రేవువైపు దిగిపోయాడు.