అద్దంలో పూలజడ

ఇవాళ మనవరాలికి పూలజడ వేశాం. ఇల్లంతా మల్లెల వాసన. మా అమ్మాయి మాత్రం గంట నుంచీ ఫోన్ పట్టుకుని, "కదలకే, ఇంకొక్కటి" అంటోంది. నాకు ఒళ్ళు మండింది.

మన ఈడు ఆడవాళ్ళూ, మీకూ ఇలాంటివి గుర్తున్నాయా? నా చిన్నప్పుడు ఒక వేసవిలో అమ్మ పొద్దున్నించీ కూర్చోబెట్టి నా జడకి మొగ్గలు కుట్టింది. రాజమండ్రిలో స్టూడియోకి వెళ్ళేదాకా రిక్షాలో వెనక్కి ఆనుకోనివ్వలేదు.

"జడ నలిగిపోద్ది! ఫోటో అయ్యాక ఆడుకుందువుగాని."

జడ కనపడాలని స్టూడియోలో నా వెనక అద్దం పెట్టారు. ఫోటోలో జడ బ్రహ్మాండం, నాదేమో ఏడుపు మొహం. ఇంటికొచ్చేసరికి పూలు వాడిపోయాయి, నేస్తాలు ఇళ్ళకెళ్ళిపోయారు.

"చాలు, దాన్ని ఆడుకోనివ్వవే!" అని మా అమ్మాయిని కసిరాను. పిల్ల ఒక్క ఉదుటున వీధిలోకి పరిగెత్తింది.

"మెల్లిగా వెళ్ళవే, జడ నలిగిపోద్ది!"

అరిచింది నేనే.