బొట్టు లేని పిలుపు

పది రోజులుగా ఫజిలత్‌కు చెయ్యి కుదురుగా ఉండటం లేదు. ఖానాపురం హవేలిలో పందొమ్మిదేళ్లుగా జాకెట్లు కుడుతున్న మనిషి, ఎడమ చేతిని కుడివైపు అతికించి, విప్పి, మళ్లీ అదే వైపు అతికించింది. అంతటికీ కారణం ఒక పెళ్లి పిలుపు.

పిలిచింది నాగలతమ్మ. తల్లాడ దగ్గర మామిడి తోటలు, ఖమ్మంలో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉన్న ఇల్లాలు. ఆ ఇంటి జాకెట్లన్నీ ఫజిలత్ చేతి మీదుగానే పోతాయి. కొలతకని పంపే ఆది జాకెట్టు చూసి, ఆ ఇంట్లో ఎవరు ఒళ్లు చేశారో, ఎవరు దిగులుతో చిక్కారో చెప్పేస్తుంది. చీరకు ఫాల్ వేయించుకోవడానికి వచ్చినవాళ్లకు ఆ ఇంటి పాలరాయి మెట్ల గురించీ, ఒక్క చెప్పులకే కట్టించిన గది గురించీ సొంత పుట్టింటి ముచ్చటలా వినిపిస్తుంది. ఈ పిచ్చి ఇప్పటిది కాదు. మణుగూరులో తండ్రి గొడుగులు బాగుచేస్తుంటే, తను ఆఫీసర్ల బంగళా గోడ పట్టుకుని వేలాడి లోపలికి చూసేది. సిగ్గులేని కళ్లని తల్లి తిట్టేది. నలభై ఐదేళ్లొచ్చినా ఆ కళ్లు మారలేదు.

కూతురు లిఖిత పెళ్లికి నాగలతమ్మ ఈ వీధికి స్వయంగా వచ్చింది. పక్కింటి టీచరమ్మ ఆదెమ్మకు బొట్టు పెట్టి కార్డు ఇచ్చింది. తర్వాత ఫజిలత్ గుమ్మం ముందు ఆగింది. కుంకుమ అంటిన వేలు సగం లేచి ఆగిపోయింది.

"నీకు బొట్టు లేదుగా. పొద్దున్నే రావాలి ఫజిలత్, అందరికంటే ముందు," అని నవ్వి కారెక్కింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. బొట్టు పెట్టి పిలిస్తే చుట్టం. నోటిమాటగా చెబితే పనికి. ఈ సంగతి వీధిలో చిన్నపిల్లలకూ తెలుసు. మరి బొట్టే పెట్టుకోని మనిషిని ఏమని పిలిచినట్టు? అందరికంటే ముందు రావలసింది మేనత్తలు. వంటవాళ్లు కూడా అందరికంటే ముందే వస్తారు. కార్డు ఇవ్వలేదు. కానీ గుమ్మం దాకా వచ్చింది. వచ్చింది ఆదెమ్మ కోసమేనేమో. ఈ లెక్క తేలక ఫజిలత్ రెండుసార్లు అన్నం మాడబెట్టింది.

"సూదిడబ్బా తీస్కపోతే టైలర్‌వు, తీస్కపోకుంటే చుట్టానివి. గంతే అమ్మీ," అంది డిగ్రీ చదివే కూతురు తబస్సుం.

"గంత అల్కగ ఉంటదానే?" అంది ఫజిలత్. కానీ పెళ్లినాడు పొద్దున డబ్బా మూడుసార్లు సంచిలో పెట్టి, మూడుసార్లు తీసింది. చివరికి ఇంట్లోనే వదిలేసి, రంజాన్‌కు కొన్న చీర కట్టుకుని షేర్ ఆటో ఎక్కింది.

ఫంక్షన్ హాల్లో మూడో వరసలో కూర్చుంది. ఎవరూ లెమ్మనలేదు. ఎవరో పన్నీరు చల్లారు. పక్కనున్న పట్టుచీరావిడ నీళ్ల బాటిల్ అందిస్తే ప్రాణం లేచొచ్చింది. తను చుట్టమే. అనవసరంగా పది రోజులు చచ్చింది.

అప్పుడే నాగలతమ్మ కుర్చీల మధ్య నుంచి గబగబా వచ్చింది.

"వచ్చావా, బతికించావు. లిఖిత జాకెట్టు పక్కకుట్టు పిగిలింది. సూదీ దారం తీసుకుని రా."

"తేలేదమ్మా."

"తేలేదా? మరెందుకు వచ్చావు?"

ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. కోప్పడినా బాగుండేదనిపించింది ఫజిలత్‌కు.

"పెళ్లికి," అంది.

నాగలతమ్మ ఒక క్షణం ఆమెను చూసింది. తనెప్పుడు పిలిచిందా అని వెతుక్కుంటున్నట్టుంది ఆ చూపు. పది రోజులు ఫజిలత్‌ను నలిపిన మాట ఈమెకు గుర్తే లేదు. "ఆఁ, అవునవును. కూర్చో, భోంచేసి వెళ్లు," అంటూ పిన్నీసుల కోసం పరుగెత్తింది.

ఫజిలత్‌కు ముఖం భగ్గుమంది. వెళ్లిపోదామని సగం లేచింది. ఇప్పుడు పోతే పనికే వచ్చినట్టు. కూర్చుంది. కూర్చుంటే కుర్చీ ముళ్లలా గుచ్చుకుంది. ఆ జాకెట్టు లోపల రెండు వేళ్ల మడత వదిలింది తనే. వదులు చేయడం ఐదు నిమిషాల పని. హాల్లో ఎవరిని అడిగినా సూది దొరుకుతుంది. ఎవరినీ అడగలేదు.

తాళి కట్టడం అయింది. అందరితోపాటు వరసలో నిలబడి, అక్షింతలతో స్టేజీ ఎక్కింది. లిఖిత ఎడమ చెయ్యి ఒంటికి బిగించుకుని కూర్చుంది. కొంగు కింద మూడు పిన్నీసులు మెరుస్తున్నాయి.

"ఆంటీ, కుట్టు పోయింది," అంది ఆ పిల్ల మెల్లగా.

"చూసిన బిడ్డా. సల్లగుండు."

అక్షింతలు వేసింది. ఖాళీ అయిన వేళ్లు అప్పుడే ఆ కుట్టు వైపు కదిలాయి. ఫజిలత్ వాటిని కొంగులో గట్టిగా చుట్టేసుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగి, భోజనాల వరసలోకి నడిచింది.