నీళ్ళు తాగని ఆదివారాలు

మా చర్చి పెద్దలకు ఆర్చి కావాలట. ఆ సంగతి నాకు ఫోన్‌లో చెప్పింది మా ఆయనే. ఆయనా చర్చి కమిటీలో ఒకడు. నేను ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పళ్ళెం ముందు కూర్చుని ఉన్నాను. "పాప చేయాల్సిన సర్వీస్ ప్రాజెక్టు ఉందిగదా, దానికి చర్చి గేటు ఆర్చి పెట్టుకుందాం. అందరూ ఒప్పుకున్నారు," అన్నాడు. అందరూ అంటే ఎవరని అడిగాను. కమిటీ అన్నాడు. ఆ కమిటీలో ఆడమనిషి ఒక్కతె కూడా లేదు. పళ్ళెం పక్కకు నెట్టేశాను.

మేముండేది హోసూరులో. మా అమ్మాయి స్కూల్లో గైడ్, మగపిల్లల్లో స్కౌట్ లాగా. ఆ యూనిఫాం, ఆ స్కార్ఫ్ వేసుకుంటే దానికి ఎక్కడలేని పెద్దరికం వచ్చేస్తుంది. జనానికి పనికొచ్చే కట్టడం ఏదైనా తామే ప్లాన్ వేసి, తామే దగ్గరుండి కట్టాలని వాళ్ళ టీచరు చెప్పింది. ఆమె పెట్టిన షరతు ఒకటే. ముందు పోయి చూడండి, అక్కడివాళ్ళకు ఏది లేదో అది కట్టండి అంది. మా అమ్మాయి వాళ్ళ అవ్వ చర్చిని ఎంచుకుంది.

అవ్వ అంటే మా అత్త. వేప్పనపల్లి పక్కన ఒక పల్లెలో ఉంది ఆ చర్చి. మామను పూడ్చింది దాని వెనకే. ఊళ్ళో ఇల్లు కూలిపోయాక అత్త మా దగ్గరికి వచ్చేసింది గానీ, ఆదివారం మాత్రం ఆ చర్చికి పోవాల్సిందే. హోసూరులో చర్చిలకేం కరువా? ఆమెకు పట్టదు. తెల్లారకముందే లేపి బస్సెక్కించి, రోడ్లు కలిసే కుందారపల్లి కూట్రోడ్డులో దించి, అక్కడ ఇంకో బస్సు కోసం నిలబడి, ప్రతి వారం మమ్మల్నందరినీ ఈడ్చుకుపోతుంది.

ఆదివారం లేచిన దగ్గర్నుంచి తిరిగి ఇల్లు చేరేదాకా మా అత్త పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. ఉపవాస ప్రార్థన అనుకున్నాం అందరం. అయ్యగారు, అంటే మా పాస్టరు, ప్రసంగంలో ఆమెను చూపించి మరీ చెప్పేవారు, భక్తి అంటే అదీ అని. నిరుడు ఎండాకాలంలో ఆమెకు మూత్రంలో మంట మొదలై, చలిజ్వరం వచ్చి, మంచం పట్టింది. హోసూరు డాక్టరమ్మ గట్టిగా తిట్టింది. నీళ్ళు తాగకపోతే కిడ్నీలు పోతాయి, ఈ వయసులో ఇంకోసారి వస్తే తట్టుకోలేరు అంది. అత్త బుద్ధిగా తల ఊపింది. ఆదివారం రాగానే మళ్ళీ అదే వరస. "నిన్ను నువ్వు చంపుకోమని దేవుడు చెప్పినాడా అత్తా?" అని నేను బస్టాండులో నలుగురి ముందే అరిచాను. "ఒక్క దినానికి ఏమౌతాదిలేమ్మా," అంది, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని.

కొలతలు తీయడానికి మా అమ్మాయి ఇద్దరు స్నేహితురాళ్ళను వెంటబెట్టుకుని ఒక ఆదివారం మాతో వచ్చింది. టేపు పట్టుకుని చర్చి చుట్టూ తిరిగారు. మధ్యాహ్నానికి అందులో ఒక పిల్ల వచ్చి బాత్‌రూమ్ ఎక్కడ అని అడిగింది. చాప మీద కూర్చున్న ఆడవాళ్ళంతా నవ్వారు. "మామిడితోపు ఉండాదిగదమ్మా," అంది ఒకామె. ఇంకొకామె వెంటనే, "యాడ తోపు? దానికి కంచె ఏసి కుక్కల్ని కట్టినారుగదా," అంది. ఆ పిల్ల మొహం మాడిపోయింది. బిగబట్టుకుని కూర్చుంది. తిరుగు బస్సులో కుందారపల్లి దాకా దాని కళ్ళలో నీళ్ళే.

చర్చిని ఆనుకునే అయ్యగారి ఇల్లు. ఆ ఇంటికి మంచి బాత్‌రూమ్ ఉంది. కమిటీ పెద్దలు మీటింగు మధ్యలో లేచి పోయి వచ్చేది అక్కడికే. ఆడవాళ్ళు అడగరు, అడగాలంటే సిగ్గు. వాళ్ళను పిలిచినవాళ్ళూ లేరు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

ఆ రాత్రే మా అమ్మాయి గ్రాఫ్ కాగితం ముందేసుకుని ప్లాన్ గీసింది. ఆడవాళ్ళకు పక్కపక్కన రెండు బాత్‌రూమ్ గదులు. హాలోబ్లాకు సిమెంటు ఇటుకల గోడలు, పైన రేకు. సిమెంటు రింగులు దించిన గుంత. ట్యాంకు నుంచి ఒక పైపు. గుంత తవ్వడం, మట్టి ఎత్తడం, గోడలు తడపడం గైడ్ పిల్లలు చేస్తారు, గోడ మాత్రం మేస్త్రీ కడతాడు. చర్చి వెనకంతా సమాధులు, ఒక పక్క బోరు. మిగిలింది గేటు పక్క మూల ఒకటే. సరిగ్గా ఆ మూలలోనే పెద్దలకు ఆర్చి స్తంభం లేపాలని. ఊళ్ళో పుట్టి, కాంట్రాక్టులు చేసి బాగుపడినాయన ఒకడు, వాళ్ళ నాయన పేరు ఆర్చి మీద రాస్తే ఎంతైనా ఇస్తానన్నాడట. పిల్లల ప్రాజెక్టు అని చెప్పుకుంటే పేపర్లో ఫొటో కూడా పడుతుందని వాళ్ళ లెక్క.

తర్వాతి ఆదివారం ప్రార్థన అయిపోయాక మీటింగు పెట్టారు. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు గోడవార చాపల మీద. బల్ల మీద ఆర్చి బొమ్మ రంగుల్లో ప్రింటు తీసి పరిచారు. మా అమ్మాయి నిలబడి తన ప్లాన్ చదివింది. మధ్యలో ఆపకుండా చివరిదాకా చదివింది.

పెద్దాయన, కమిటీకి అధ్యక్షుడు, నవ్వాడు. "బాగుండాది పాపా. అయితే చర్చి గేటు కాడ ఇట్లాంటిది కడతారా ఎవురన్నా? పైగా అది ఈశాన్యం మూల."

"చర్చికి వాస్తు ఏంది తాతా?" అంది మా అమ్మాయి.

"మనం నమ్మం. డబ్బిచ్చేటోళ్ళు నమ్ముతారుగదా."

అందరూ నవ్వారు. మా ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. కూతురు అక్కడ ఒంటరిగా నిలబడి ఉంటే ఫోన్‌లో ఏముంటుంది మనిషికి? ఆ ఫోన్ లాక్కుని కిటికీలోంచి విసిరేద్దామనిపించింది.

"అయినా," అన్నాడు పెద్దాయన గొంతు సవరించుకుని, "మన ఆడోళ్ళకు ఇది అవసరమా చెప్పు. దేవుని సన్నిధికి వచ్చేటోళ్ళు నిష్ఠగా వస్తారు. మీ అవ్వనే చూడు. పొద్దున్నించి గుక్కెడు నీళ్ళు కూడా ముట్టదు. అట్లాంటి ఉపవాసం చేసే తల్లులు ఉండే చర్చికి..."

"నేను ఉపవాసం ఎప్పుడు ఉన్నానప్పా?"

మా అత్త గొంతు అది. చాప మీద నుంచి, గోడ పట్టుకుని లేస్తూ ఉంది. నేను చెయ్యి అందించబోతే విదిలించుకుంది.

"నాకు చక్కెర ఉండాది. ఉపవాసం ఉండద్దని డాక్టరు ఎప్పుడో చెప్పినాడు. తాగితే యాడికి పోవాల? అందుకే తాగలేదు. ఇన్నేండ్లూ తాగలేదు. మీరు దాన్ని భక్తి అని చెప్తా వచ్చినారు. సిగ్గుపడి నోరు మూసుకుని కూర్చున్నాను. జ్వరమొచ్చి పడుకున్నప్పుడు కూడా కోడలికి చెప్పలేదు."

నా కోపం ఆమె మీద నుంచి ఎప్పుడు జారిపోయిందో తెలియదు. అది ఆ కుర్చీల వైపు తిరిగింది. ఆ ప్రసంగాలన్నీ గుర్తొచ్చాయి. ఆమె దాహాన్ని ఇన్నేళ్ళు పాఠం చేసి మాకే చెప్పారు.

అత్త నెమ్మదిగా బల్ల దాకా నడిచింది. పెద్దాయన ముందున్న నీళ్ళ బాటిల్ తీసుకుంది. మూత తిప్పి, తల పైకెత్తి, గటగటా తాగింది. చుక్క మిగలకుండా తాగి ఖాళీ బాటిల్‌ను ఆర్చి బొమ్మ మీద పెట్టింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"తాగినాను. ఇంకొంచేపట్లో నేను పోవాల. యాడికి పోవాల్నో చెప్పండప్పా."

మా ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు, అది కూడా ఇప్పుడు. చివరికి లేచింది అయ్యగారి భార్య. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "మా ఇంటికి రామ్మా," అంది, చెయ్యి పట్టుకోబోతూ.

మా అత్త వెంటనే కదల్లేదు. వెనక్కి తిరిగి చాపల వైపు చూసింది. కల్లావి నుంచి కోడలై వచ్చిన కొత్త పెళ్ళికూతురి దగ్గర్నుంచి, నడవలేని ముసలివాళ్ళ దాకా అందరినీ చూసింది.

"ఈ పొద్దు నేనొక్కదాన్నే వస్తానమ్మా," అంది. "వచ్చే ఆదివారం అందరమూ నీళ్ళు తాగి వస్తాం."

అన్నట్టే వచ్చారు. ఆ ఆదివారం అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టేసరికి చాపలు సగం ఖాళీ. ఆడవాళ్ళంతా ఆయన ఇంటి గుమ్మం ముందు వరుసలో నిలబడి ఉన్నారు, అందరి చేతుల్లో నీళ్ళ బాటిళ్ళు. కుర్చీల్లోంచి లేచి వచ్చిన పెద్దాయన, ఆ వరుస చివర, మా అత్త వెనక, తన వంతు కోసం నిలబడాల్సి వచ్చింది. ప్రసంగం మధ్యలోనే ఆపి అయ్యగారు మా అమ్మాయిని పిలిచి, గుంత ఎప్పుడు తవ్వుతారమ్మా అని అడిగారు.