దమ్ము పట్టిన మైదానం

ఆదివారం, శ్రావణ మాసం మొదటి వారం, సాయంత్రం. ఉన్నవారు: నేను, నా భార్య, మా అమ్మాయి, మనవరాలు లహరి, దాని జట్టు పిల్లలు, వాళ్ళకు ఆట నేర్పే శిక్షకుడు.

మద్దిలపాలెం జంక్షన్‌కు కాస్త లోపలగా, చుట్టూ వల కట్టి ప్లాస్టిక్ గడ్డి పరిచిన చిన్న మైదానం అది. లహరి అక్కడ ఫుట్‌బాల్ ఆడుతుంది. మేము వెళ్ళేసరికి ఇంకా ఎండగానే ఉంది. ఆట మొదలైన కాసేపటికి సముద్రం వైపు నుంచి ఒక జల్లు వచ్చి, తడిపీ తడపకుండా వెళ్ళిపోయింది. వేడెక్కిన ఆ పచ్చదనం మీద చినుకులు పడగానే ఒక వాసన లేచింది. ఆటోనగర్‌లో కొత్త టైర్లు దింపే దుకాణం ముందు నిలబడితే వచ్చే వాసన. నేను కళ్ళు మూసుకుని ఇంకొక వాసన కోసం చాలాసేపు ఎదురు చూశాను. అది రాలేదు. గడ్డి మధ్య పోసిన నల్లటి రబ్బరు రవ్వ లహరి మేజోళ్ళకు అంటుకుంది గాని, మోకాళ్ళు మాత్రం అప్పుడే కడిగిన పళ్ళెంలా ఉన్నాయి. పిల్లలు హాయిగా ఆడుతున్నారు. వాళ్ళ ఆనందంలో నాకే లోపమూ కనిపించలేదు. కాని ఆ రాని వాసన వెంట నా మనసు రేవు దాకా నడిచి వెళ్ళి, బురదలో పంచె ఎగ్గట్టి నిలబడ్డ ఒక మనిషి దగ్గర ఆగిపోయింది. ఆయన పేరు దాలినాయుడు.

డెబ్బైల చివర్లో నేను రేవులో సరుకు లెక్కల విభాగంలో గుమాస్తాగా చేరినప్పుడు ఆయన మా పెద్ద గుమాస్తా. శృంగవరపుకోట దగ్గరి పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం నుంచి వచ్చి, ఇరవై ఏళ్ళుగా ఓడల సరుకు మధ్య బతుకుతున్నా, ఆయన నడక మాత్రం గట్టు మీద నడిచే మనిషి నడకే. ఒక కాలు వెనక ఒక కాలు, ఆచితూచి. మా కాలనీ ఆటల క్లబ్బుకు ఆయనే కార్యదర్శి. నేను ప్రతిరోజూ డైరీ రాస్తానని తెలిసిన నాటి నుంచి నన్ను 'డైరీ బాబూ' అని పిలిచేవారు. రెండో వారంలోనే నన్ను సహాయ కార్యదర్శిని చేశారు. ఎందుకని అడిగితే, "రాసుకునేవోడు మర్సిపోడు కదా" అన్నారు.

మైదానం రైలు పట్టాలకూ కాలనీకీ మధ్య ఉండేది. గాలి ఇటు తిరిగితే ఇనుప ఖనిజం ధూళి ఎర్రటి పొగమంచులా దిగి, గోల్‌పోస్టులు, బంతి, ఆరేసిన బట్టలు, మా కనుబొమలు అన్నీ ఒకే రంగులోకి వచ్చేవి. సాయంత్రపు వెలుగులో ఆ ధూళిలోంచి ఆటగాళ్ళు పరుగెత్తుకొస్తుంటే నీళ్ళ అడుగున ఏదో లోకం కదులుతున్నట్టు ఉండేది. అక్కడ రెండు జట్లు ఆడేవి. కాలనీ జట్టుకు బూట్లుండేవి. తీరంలోని పేట నుంచి వచ్చే చేపల వేటగాళ్ళ జట్టు ఒట్టి కాళ్ళతో ఆడేది. వాళ్ళు అంతకుముందు ఆడుకునే ఇసుక నేల రేవు పనుల్లో పోయింది. ఈ మైదానం తప్ప వాళ్ళకు వేరే చోటు లేదు. ఆటకు ముందు కాలనీ జట్టంతా వరసగా నిలబడి, ఈ చివర నుంచి ఆ చివరకు వంగి నడుస్తూ రాళ్ళు ఏరాలని నాయుడు గారి నియమం. నేనూ ఏరేవాణ్ణి. బూట్లున్న మనం ఎందుకు ఏరాలని ఒకరోజు గొణిగితే ఆయన విన్నారు.

"బూట్లున్నోడికి రాయి తెలీదు బాబూ. అందుకే ఏరే పని ఆడిది."

ఎనభైల మొదట్లో, గాజువాక అవతల ఉక్కు కర్మాగారం లేస్తున్న రోజుల్లో, ఊరంతా కొత్త మాటలు తిరిగేవి. మాకు కొత్తగా వచ్చిన అధికారి, డిప్యూటీ గారని పిలిచేవాళ్ళం, విదేశాల్లో కొన్నాళ్ళు ఉండి వచ్చినవారు. ఒక మధ్యాహ్నం ఆయన గడప దగ్గర వేసే పట్టా అంత ముక్క ఒకటి తెచ్చి క్లబ్బు వరండాలో పరిచారు. కృత్రిమ గడ్డి. ఢిల్లీలో హాకీకి ఇలాంటిదే పరిచారనీ, మన మైదానానికీ దీన్ని అడుగుదామనీ, ఎర్ర ధూళి పడితే గొట్టంతో కడిగేస్తే చాలుననీ చెప్పారు. మేమంతా చుట్టూ మూగి తడిమి చూశాం. నాయుడు గారు కూడా చంటిబిడ్డ తల నిమిరినట్టు నిమిరారు.

"బాగుంది సారూ. దీనికి మనమేటీ సెయ్యక్కర్నేదు. అదే నాకు బెంగ."

వేటగాళ్ళ జట్టు నాయకుడు ఎల్లాజీ అప్పుడే వచ్చాడు. వరండాలో ఎండ సగం దాకా పాకింది. వాడు ఆ ముక్క మీద ఒక పాదం పెట్టి ఎగిరి గెంతాడు.

"ఓలమ్మో! పెనమేటి సారూ ఇది? అట్టు పోసీసుకోవొచ్చు."

అందరం నవ్వాం. డిప్యూటీ గారు నవ్వుతూనే అన్నారు. "అందుకే బూట్లు తప్పనిసరి ఎల్లాజీ. ఒట్టి కాళ్ళతో దీని మీద జారిపడితే చర్మం లేచిపోతుంది. బూట్లు లేనివాళ్ళను రానివ్వకూడదని నియమం పెట్టాల్సిందే."

"మా కాలికి బూటేసీత్తే బంతి ఎక్కడుందో దానికి తెలీదు సారూ. కిందటేడు క్లబ్బోళ్ళు కొనిచ్చినారు కదా. సగం ఆటకే ఇప్పీసి మెళ్ళో ఏలాడేసుకున్నాం." మాటలో నవ్వు ఉంది గాని వాడి ముఖంలో అప్పటికే లేదు.

నాయుడు గారు లేచి నిలబడ్డారు. "ఒక్క వర్షాకాలం నాకియ్యండి సారూ. నాను గడ్డి పెంచుతాను. దసరా ఎల్లినాక మొదటి ఆటకి మీరే వొచ్చి సూడండి. బాగుంటే మన నేల. నేదంటే మీ తివాచీ." డిప్యూటీ గారు సరేనన్నారు.

ఆ ఆషాఢం నా జ్ఞాపకంలో ఇప్పటికీ మెలకువలో జరిగినట్టు ఉండదు. నాయుడు గారికి పంట అంటే వరి. గడ్డిని కూడా వరిలాగే నాటించారు. మైదానం చుట్టూ గట్టు కట్టించారు. వానకు తోడు గొట్టంతో నీళ్ళు పెట్టించి, ఎక్కడి నుంచో రెండు జతల ఎద్దులను తోలుకొచ్చి, మడిని బురద చేసి మెత్తినట్టు మైదానమంతా దమ్ము పట్టించారు. పెనాల్టీ గీత మీదుగా నాగలి వెళ్ళింది. చెరువు గట్ల నుంచి గోతాల్లో గరిక పిలకలు వచ్చాయి. మా కాలనీలో సగం ఇళ్ళ ఆడవాళ్ళు పల్లెల్లో నాట్లు వేసి పెరిగినవాళ్ళే. నాట్లను మా వైపు ఉభాలు అంటారు. ఉభాలని కబురు వెళ్ళగానే చీరలు ఎగదోపుకుని వచ్చేశారు. ముందుగా ఒక మంచి చెయ్యి మొదటి పిలక నాటాలని ఆనవాయితీ. రేవులో బరువులెత్తే కలాసీ భార్య పైడమ్మ చెయ్యి వేస్తే ఎండు పుల్ల కూడా చిగురిస్తుందని పేరు. ఆమె తూర్పుకు తిరిగి దండం పెట్టి, గోల్‌పోస్టు పక్కన మొదటి పిలక గుచ్చింది. తరవాత వరస కట్టి, వంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ, పాడుతూ, మైదానం మధ్య వృత్తం మీదుగా సాగిపోయారు. వాళ్ళ వెనక క్రేన్లు తలలు ఆడించేవి. ఏదో ఓడ కూత పెడితే పాట ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకునేది. బురద నీళ్ళలో మబ్బులు, మబ్బుల మీద ఆ ఆడవాళ్ళ చేతులు.

గట్టు మీద కూచున్న ఎల్లాజీ నాయుడు గారి వైపు తిరిగి అరిచాడు. "ఏటి బావా, పంటొస్తే మాకేటి వాటా? బియ్యం మీవి, సేపలు మావి, గోలు కాడే వండీసుకుందుమేటి?"

"ముందు ఆ కాలు మడిలోంచి తియ్యి. పిలక తొక్కేత్తన్నావు" అంది పైడమ్మ.

మొదట అంతా పచ్చబడింది. వినాయక చవితి వానలకు మాత్రం నీళ్ళు నిలిచిపోయాయి. గట్లు తెంచినా ఒక పొర నీరు కదలకుండా ఉండేది. కప్పలు చేరాయి. దూరం నుంచి చూస్తే పచ్చగానే ఉండేది. దగ్గరికి వెళితే గరిక మొదళ్ళు పసుపెక్కి, పట్టి లాగితే కుళ్ళిన వేళ్ళతో చేతిలోకి వచ్చేవి. కాలనీ కుళాయి దగ్గర ఒక గుసగుస పుట్టింది, పైడమ్మ చెయ్యి చెడిందని. ఆ ఏడు ఆమె ఇంట్లో ఒక చావు జరిగింది, ఆ చేత్తో నాటించకుండా ఉండవలసిందని ఎవరో అన్నారు. పైడమ్మ అందరూ వెళ్ళిపోయాక నీళ్ళకు రావడం మొదలుపెట్టింది.

దసరా సెలవుల తరవాత నాయుడు గారు నన్ను మైదానం మధ్యకు తీసుకెళ్ళి గునపంతో పొడిచారు. జానెడు లోతున అది ఠక్కున ఆగింది. ఆయన అక్కడే గొంతుక్కూచుని గునపం మొనకు అంటిన మట్టిని వేళ్ళతో నలిపి చూశారు.

"వరికి నీరు నిలబడాలని దమ్ము పడతాం బాబూ. అడుగు మట్టి మెత్తి మూసీత్తాం. గరిక్కి నీరు దిగాల. నాను మైదానాన్ని కుండ సేసీసినాను."

"ఎవరికైనా చెప్పాలా అండీ?" అని అడిగాను.

"అందరికీ సెప్పాల" అన్నారు.

వద్దన్నవాళ్ళే ఎక్కువ. డిప్యూటీ గారు గట్టు మీంచి చూసి వెళ్ళిపోతారు, పచ్చగానే కనిపిస్తుంది, తరవాత బాగు చేసుకోవచ్చని మా వాళ్ళ వాదన. ఎల్లాజీ అయితే బతిమాలాడు. "నోరు మూసుకుని కూకో బావా. నువ్వు సెప్తే మా ఆట పోద్ది. నీకేటి పోద్ది?"

"సెప్పకపోతే ఆ పైడమ్మ చెయ్యి పోద్ది రా" అన్నారు నాయుడు గారు.

మొదటి ఆట రోజు కాలనీ అంతా గట్టు మీద ఉంది. డిప్యూటీ గారు కుర్చీలో కూర్చుని, "బాగా పచ్చగా ఉంది నాయుడూ" అని మెచ్చుకున్నారు. ఆట మొదలు కాకముందే నాయుడు గారు గునపం పట్టుకుని మైదానంలోకి దిగి, ఆయన్ని కూడా రమ్మన్నారు. మెరుగు పెట్టిన బూట్లతో ఆయన దిగారు, వెనకే నేనూ దిగాను. నాయుడు గారు గరికను ఒక గుప్పెడు పీకి కుళ్ళిన వేళ్ళు చూపించారు. గునపం ఆయన చేతికే ఇచ్చి పొడవమన్నారు. అప్పుడు గట్టు వైపు తిరిగి, ఆడవాళ్ళు నిలబడ్డ చోటికి వినిపించేలా గొంతెత్తారు.

"ఇనండి. దమ్ము పట్టమన్నది నాను. ఇది మడి కాదని తెలుసుకోనిది నాను. పైడమ్మ చెయ్యి మంచిదే. నాటినోళ్ళందరి చేతులూ మంచివే. నా బుర్రే తప్పు సేసింది."

పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎల్లాజీ నేల చూపులు చూస్తున్నాడు. డిప్యూటీ గారు గునపం తిరిగి ఇస్తూ, "మాట మాటే నాయుడూ. తివాచీ కోసం రాస్తాను" అన్నారు. "రాయండి సారూ" అన్నారు నాయుడు గారు. తరవాత ఆట జరిగింది, బూట్లు ఊడిపోయే బురదలో. ఎవరు గెలిచారో ఆనాటి పేజీలో నేను రాయలేదు. ఆ ఒక్కరోజు అది గుర్తుకు రాలేదనుకుంటాను.

డిప్యూటీ గారు చెప్పినట్టే రాశారు. ఆ ప్రతిపాదన ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి తిరిగింది. ఈలోగా ఆయనకే బదిలీ అయింది. తివాచీని ఎవరూ వద్దనలేదు, ఎవరూ తెమ్మనలేదు. బూట్ల నియమం రాలేదు. మరుసటి వర్షాకాలానికి గరిక నిజంగా పట్టుకుంది. నాయుడు గారు పదవీ విరమణ చేసేదాకా ఎల్లాజీ జట్టు ఒట్టి కాళ్ళతోనే అక్కడ ఆడింది. ఆ తరవాత నేనూ ఒక విభాగానికి పెద్దనయ్యాను. నా కింద పని పాడైన రోజుల్లో ముందుగా నా నోటి దాకా వచ్చేది ఇతరుల పేరే. మనిషి స్వభావం అది. అప్పుడు గట్టు వైపు తిరిగి గొంతెత్తిన ఆయన వీపు నాకు కనిపించేది. చెడిన పనిని చేసినవాళ్ళ చేతుల మీద నుంచి ముందు బరువు దించి, తరవాతే మిగతా సంగతి చూడటం ఆయన దగ్గర నేర్చుకున్నాను. ప్రతిసారీ చేయగలిగానని చెప్పను. చేయలేని రాత్రి మాత్రం నిద్ర పట్టేది కాదు.

ఆ ఆట జరిగిన మర్నాడు పొద్దున నేను పనిలోకి వెళ్తూ మైదానం వైపు నుంచి నడిచాను. మంచు పట్టి ఉంది. ఆయన ఒక్కరే ఉంటారనుకున్నాను. మంచులోంచి ముందు దబ్ దబ్ మని చప్పుడు వినిపించింది, తరవాత మనుషులు కనిపించారు. అలలు ఎక్కువగా ఉండి ఆ రోజు పడవలు వేటకు వెళ్ళలేదు. ఎల్లాజీ జట్టంతా కొసలు చెక్కిన వెదుళ్ళతో వరసగా నిలబడి నేలను పొడుస్తోంది. పేట ఆడవాళ్ళు చేపల తట్టల్లో ఇసుక మోసుకొస్తుంటే, కాలనీ ఆడవాళ్ళు వంగి ఆ చిల్లుల్లో ఇసుక నింపుతున్నారు. వాళ్ళలో పైడమ్మ ఉంది. పక్కావిడతో ఏదో మాట మీద గట్టిగా పోట్లాడుతోంది.

"రాత్రంతా తిట్టుకున్నాను బావా నిన్ను" అంటున్నాడు ఎల్లాజీ. "తెల్లారి లేసి ఏటి సేస్తాను? నువ్వు కట్టిన కుండకి మేం సిల్లులెడతన్నాం. నీ గడ్డి సేప కంపు కొడతాది, ముందే సెప్తన్నాను."

నాయుడు గారు ఆఫీసుకని వేసుకున్న తెల్ల చొక్కాతోనే తడి నేల మీద పక్కకు ఒరిగి పడుకుని, అప్పుడే పొడిచిన చిల్లు దగ్గర చెవి ఆనించారు. నిలిచిన నీళ్ళు బుడగలు వేస్తూ లోపలికి జారుతున్నాయి. నన్ను చూసి, మాట్లాడొద్దని వేలు చూపించారు.

"తాగతంది" అన్నారు మెల్లగా.