సత్యవతి గారు సగంలో ఆపిన ఆటలు

2003లో రాజోలు మెయిన్ రోడ్డులో నాకో చిన్న కంప్యూటర్ షాపు ఉండేది. సిస్టమ్‌లు అసెంబుల్ చేసేవాణ్ణి, అంటే విడిభాగాలు తెచ్చి బిగించి కంప్యూటర్ తయారుచేసి ఇవ్వడం. దాంతోపాటు గేమ్ సీడీలు అమ్మేవాణ్ణి. కొన్నవాళ్ళలో ఆటను చివరిదాకా ఆడేవాళ్ళు చాలా తక్కువని త్వరలోనే తెలిసింది. గల్ఫ్ నుంచి వచ్చిన కొందరికి సెలవు అయిపోయేది. కొందరికి సేవ్ చేసేలోపు కరెంటు పోయేది. సేవ్ అంటే ఎక్కడిదాకా ఆడామో కంప్యూటర్‌లో దాచుకోవడం. అది పోతే మళ్ళీ మొదటినుంచీ ఆడాలి. నాకు మాత్రం వాళ్ళంతా ఓపిక లేని మనుషుల్లాగే కనిపించేవారు. "అప్పుడే విసుగొచ్చేసిందా అండీ?" అని నవ్వేవాణ్ణి.

సత్యవతి గారితోనూ అలాగే నవ్వాను. ఆవిడకి ముప్పై ఏళ్ళుంటాయి. భర్త కువైట్‌లో ఏసీ మెకానిక్. సెలవుకి వచ్చినప్పుడు ఆవిడ కోసం నా దగ్గరే కంప్యూటర్ కొని, బిల్లు ఆవిడ పేరునే రాయించారు. రెండు నెలలకోసారి ఆవిడ వచ్చి కొత్త గేమ్ తీసుకునేవారు. పాతది పూర్తయిందా అంటే లేదనేవారు.

ఒకసారి పట్నం కట్టే ఆట ఇచ్చాను. మూడు వారాలకే మళ్ళీ వచ్చారు.

"చివర్లో కోట కట్టేరా అండీ?" అన్నాను.

"లేదండి. కాలవ చివర ఇళ్ళకి నీళ్ళు అందేవి కాదు, అచ్చం మా శివారు చేలకి అందనట్టే. పది రోజులు కుస్తీ పట్టేను. అందేయి. ఆపేసేను."

"కోట కడితేనే కదండీ గెలిచినట్టు!"

"కోట ఎవడిక్కావాలండి? కిటుకు దొరికేదాకే ఆట. తరవాతంతా ఆ ఆట చేసినవాడు చెప్పిన చాకిరీ."

ఆ మాటకీ నవ్వేసి ఊరుకున్నాను.

కొన్నాళ్ళకి ఓ మధ్యాహ్నం ఆవిడ బావగారు, అంటే భర్తకు అన్న, సూర్యారావు గారు ఆటోలో వచ్చారు. నా షాపు గది ఆయనదే. మానిటర్ లేకుండా కంప్యూటర్ పెట్టె ఒక్కటే తెచ్చి కౌంటర్ మీద పెట్టారు. పక్కన సీడీల సంచీ పడేశారు.

"ఇది నువ్వే ఉంచేసుకోవయ్యా. మా తమ్ముడు కష్టపడి కొన్నాడు. ఈ అమ్మాయి అరడజను ఆటలు కొంది, ఒక్కటీ పూర్తి చెయ్యలేదు. నిలకడ లేని మనిషికి ఇదెందుకు? నువ్వే చెప్పు, ఒక్కటైనా పూర్తి చేసిందా?"

అప్పటికే ఇంకో ఆటోలో వెనకాలే వచ్చిన సత్యవతి గారు మెట్ల మీద నిలబడి ఉన్నారు. "లేదండి" అన్నాను. నిజమే మరి. కానీ ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆవిడ ముఖం చూడలేకపోయాను.

ఆవిడ లోపలికి వచ్చారు. షాపులో ఇద్దరు ముగ్గురు మనుషులున్నారు. గొంతు పెంచలేదు.

"బావగారూ, నా పెళ్ళినాటికి ఇంటర్ పరీక్షలకి నెల్లాళ్ళుంది. ఫీజు కూడా కట్టేసేను. పరీక్షలు రాయిస్తామని మా నాన్నగారికి మాటిచ్చింది మీరే. తరవాత కుదరదన్నారు. ఆ చదువు సగంలో ఆగిపోయిందేమని ఇన్నేళ్ళలో మీరెవరైనా అడిగేరా?"

"ఆ గొడవ ఇప్పుడెందుకు?"

"నిలకడ లేదన్నారు కదండీ, అందుకు. అది మీరు ఆపేరు. ఇవి నేను ఆపేను. నాకు చాలనిపించి ఆపేను. దానికి మీకు సంజాయిషీ ఇచ్చుకోను."

సూర్యారావు గారు ఆవిడ వైపు చూడలేదు. నాతో, "లోపల పెట్టవయ్యా" అన్నారు.

"బిల్లు సత్యవతి గారి పేరు మీద ఉందండి. ఆవిడ ఇస్తానంటేనే తీసుకుంటాను."

"నా గదిలో కూర్చుని నాకే చెప్తున్నావా?"

"ఆయ్. చెప్తున్నానండి."

ఆయన ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. సత్యవతి గారు నన్ను సాయం పట్టనివ్వలేదు. సీడీల సంచీ భుజాన తగిలించుకుని, ఆ పెట్టెని తనే ఎత్తుకుని, తనొచ్చిన ఆటోలో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమని కబురొచ్చింది. చేశాను. బస్టాండు వెనక సందులో వానకి కారే గదిలోకి మారాను. ఏడాదిపాటు బేరాలు సరిగా లేవు. సూర్యారావు గారు ఎదురుపడినా పలకరించడం మానేశారు. కంప్యూటర్ మాత్రం ఆవిడ ఇంట్లోనే ఉండిపోయింది.

కొత్త షాపు తెరిచిన వారంలోనే సత్యవతి గారు వెతుక్కుంటూ వచ్చారు. కార్ల పందెం గేమ్ తీసుకున్నారు. "నచ్చకపోతే రేపే ఆపేస్తానండి" అన్నారు, నేనేమీ అడక్కుండానే.

"మీ ఇష్టమండి" అన్నాను.

ఆట తయారుచేసినవాడు దాని ముగింపు తనకు తోచినచోట పెడతాడు. కొన్న మనిషికి వేరేచోట చాలనిపించవచ్చు. అది ఓపిక లేకపోవడం కాదని నాకు ఆవిడ వల్ల తెలిసింది. ఆ తరవాత నా షాపులో ఎవరైనా పక్కవాళ్ళని, "అది పూర్తి చెయ్యకుండానే ఇంకోటా?" అని దెప్పితే నేనే అడ్డొచ్చేవాణ్ణి. "కొన్నది ఆయనండి, ఆపేదీ ఆయనే" అనేవాణ్ణి. ఆ మాటకి ముఖం మాడ్చుకుని వేరే షాపుకి మారినవాళ్ళున్నారు. మారితే మారారు.